తామరాకుకు చీలిక ఉండదు

ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి తామరాకు ఎలా ఉంటుందో తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వవలసిన సంగతే. ముందు ఆ ముచ్చట చెప్పి, తరవాత అసలు విషయానికి వస్తాను.

2022 శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం నేనొక కొలను బొమ్మ వేశాను. నీటిరంగుల బొమ్మ. నడుమ రెండు తామరపూలు, పక్కనే ఒక మొగ్గ, చుట్టూ నీటిమీద పరచుకున్న ఆకులు, ఒక ఆకు మీద ముత్యంలాంటి నీటిబొట్టు. అప్పటికి నేను రంగులు పట్టి పది నెలలు. వేసినవాటిలో ఇదొక్కటే నలుగురికి చూపదగ్గదిగా కుదిరిందని లోలోపల గర్వం. తడి ఆరగానే వంటింటి గడప దగ్గర నిలబడి మా ఆవిడకు చూపించాను. ఆవిడ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్ళజోడు సవరించుకుని, అరనిమిషం తేరిపార చూసి, "పూలు బాగున్నయ్యండి. ఆకులు మాత్రం తామరవి కావు, కలువవి" అన్నది.

"అదెట్లా?" అన్నాను.

"తామరాకుకు చీలిక ఉండదండి. నిండు గుండ్రన. కాడ అంచున కాదు, నడిమధ్యన ఉంటుంది, గొడుక్కి కర్ర ఉన్నట్టు. మీరు వేసినట్టు ఒకపక్క కోసినట్టుండేది కలువాకు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి తామరాకుల్లోనే వడ్డించేవాళ్ళు. చీలికుంటే పులుసు కారిపోదూ?"

నా దగ్గర జవాబు లేదు. తామరపూవుకు పర్యాయపదాలు చెప్పమంటే నళినం, అరవిందం, పంకజం, సరసిజం, రాజీవం అంటూ ఊపిరి తిప్పుకోకుండా ఏకరువు పెడతాను. కలువకు కుముదం, ఉత్పలం, కువలయం అని వేరే జాబితా ఉన్నది. ఒకటి పగలు విచ్చుకుంటుంది, ఒకటి చంద్రుణ్ణి చూసి విచ్చుకుంటుంది అనే కవిసమయాన్ని ఎన్ని తరగతులకు బోధించానో లెక్కలేదు. తామరాకు మీది నీటిబొట్టు అనే నానుడికి అర్థం, తాత్పర్యం, సొంతవాక్యం, అన్నీ చెప్పాను. ఆ ఆకును మాత్రం ఏనాడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా కుంచె పట్టేదాకా తెలియలేదు.

"మా ఊరి చెరువు నిండా ఉన్నయి. రేపల్లె పాసింజరెక్కితే ఎంతసేపు? ఒకరోజు వెళ్ళి చూసొద్దాం రండి" అన్నది ఆవిడ.

"తీరిక చూసుకుని వెళదాంలే" అన్నాను.

ఈ వ్యాసం ఆ 'తీరిక' అనే మాట గురించే.

*

తీరిక అనే పదాన్ని విడదీసి చూడండి. తీరు అంటే ముగియు, పూర్తియగు. పనులన్నీ తీరిన తరవాత మిగిలేది తీరిక. మన పెద్దలు ఆ మాటను ఎంత అమాయకంగా పుట్టించారో గానీ, పనులు తీరేదెప్పుడు? తీరిక వచ్చాక బొమ్మలు వేసుకుందామనుకున్నవాడి గతి ఏమిటో చెప్పడానికి నేనే ఉదాహరణ.

చిన్నతనంలో నాకు బొమ్మల పిచ్చి ఉండేది. మా వీధిలో చందమామ తెప్పించే ఇల్లు ఒకటి ఉండేది. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం వచ్చిందంటే, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని పలక మీద దాన్ని దించబోయి, చీకటిపడేవరకు కుస్తీపట్టేవాణ్ణి. ఆ రంగులు సుద్దముక్కకు లొంగేవా! మా నాన్నగారు తిట్టేవారు కాదు. "అయిందా? ఇక శబ్దాలు వల్లించు" అనేవారు. అంతే. శబ్దాలు వచ్చాయి, ధాతువులు వచ్చాయి, భాషాప్రవీణ అయింది, పండిత శిక్షణ అయింది, 1986లో ఉద్యోగం వచ్చింది. బొమ్మలు మాత్రం హాజరుపట్టీ అట్టల మీదికి, జవాబుపత్రాల మూటలకు చుట్టిన కాగితాల మీదికి వెళ్ళిపోయాయి. ఎన్నికల విధులు, జనాభా లెక్కలు, పదో తరగతి పరీక్షలు, మూల్యాంకనం. వేసవి సెలవుల్లో వేద్దామనుకుంటే వేసవిలోనే పెళ్ళిళ్ళు.

1994 సంక్రాంతికి ముందు మా ఆవిడ బెజవాడ వెళ్ళినప్పుడు, చీటీ పాడిన డబ్బులోంచి నాకొక రంగుల పెట్టె కొని తెచ్చింది. పన్నెండు ట్యూబులు, మూడు కుంచెలు. నేను సంతోషించవలసింది. సంతోషించలేదు. "పిల్లవాడి ఫీజు కట్టవలసి ఉండగా ఈ వయసులో నాకు రంగులేమిటి?" అన్నాను. అప్పుడు నా వయసు ముప్పైనాలుగు! ఆవిడ ఏమీ అనలేదు. పెట్టెను పాతగుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో చీరల అడుగున పెట్టింది. తీరిక దొరికినప్పుడు తీద్దామని నేనూ ఊరుకున్నాను. ఆ మాట మీద ఇరవైయేడేళ్ళు గడిచాయి.

2020 మే నెలాఖరున ఉద్యోగవిరమణ చేశాను. కరోనా రోజులు. వీడ్కోలు సభ లేదు, శాలువ లేదు, పిల్లలు లేని బడిలో ప్రధానోపాధ్యాయుల ఎదుట ముఖానికి గుడ్డ కట్టుకుని సంతకాలు పెట్టి వచ్చేశాను. ఇంటికి రాగానే అనుకున్నాను: ఇక ఉన్నదంతా తీరికే.

ఆ తరవాతి ఏడాదిన్నరలో నేను వేసిన బొమ్మలు ఎన్ని? ఒక్కటీ లేదు.

ఇది నాకే వింతగా తోచింది. గంటకొట్టే బడిలో ఉన్నప్పుడు కనీసం అట్టల మీద గీసేవాణ్ణి. రోజంతా నాదైనప్పుడు రోజు ఎటు పోయేదో తెలిసేది కాదు. పత్రిక ఆమూలాగ్రం చదవడం, బ్యాంకుకు వెళ్ళి నిలబడడం, ఎవరో పద్యాలు దిద్దమని పంపితే దిద్దడం, మధ్యాహ్నం నిద్ర. గట్టు లేని నీరు ఎంత ఉన్నా చేనుకు పారదు గదా. మా కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాలువ ఉంటేనే నీరు పనికివస్తుంది. నేను గట్లన్నీ తెగ్గొట్టుకుని, నీళ్ళెటు పోయాయని వెతుక్కుంటున్నాను.

*

2021 విజయదశమినాడు పూజకు పుస్తకాలు తీస్తూ మా ఆవిడ ఆ ఇనప్పెట్టె తెరిచింది. రంగుల పెట్టె బయటపడింది. ట్యూబులు నొక్కిచూస్తే రాళ్ళు. పారేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒకటి కోసి చూడండి" అన్నది.

పాత బ్లేడుతో ఒక ట్యూబును నిలువునా కోశాను. లోపల ఎండిపోయిన నీలిగడ్డ. ఒక సీసామూతలో వేసి, రెండు చుక్కల నీళ్ళు పోసి, గంటసేపు వదిలేశాను. తడికుంచెతో తాకితే నీలం వచ్చింది! నీటిరంగులో రంగుపొడిని పట్టి ఉంచేది జిగురు. అది ఎండినా మళ్ళీ నీళ్ళు తగిలితే కరుగుతుంది. నూనెరంగు ఒకసారి గట్టిపడితే మరి నీళ్ళకు గాని నూనెకు గాని లొంగదు. నా అదృష్టం కొద్దీ ఆవిడ కొన్నవి నీటిరంగులు. పన్నెండింటిలో తొమ్మిది బతికాయి. ఆ తొమ్మిది మూతలను ఒక స్వీటు డబ్బాలో వరసగా అంటించుకున్నాను. అదే నేటికీ నా రంగులపళ్ళెం.

బడిపంతులు బుద్ధి కదా, మర్నాడే కాలనిర్ణయపట్టిక వేశాను. ఉదయం అయిదున్నర నుంచి ఆరుంపావు దాకా మొదటి పీరియడు, చిత్రలేఖనం. ఒక పాత హాజరుపట్టీలో నా పేరు నేనే రాసుకుని, వేసిననాడు హాజరు, వేయనినాడు గైర్హాజరు గుర్తుపెట్టాను. బొమ్మ బాగున్నదా లేదా అన్నదానికి ఆ పట్టీలో గడి లేదు. కూర్చున్నానా లేదా అన్నదే లెక్క. ఇన్నేళ్ళలో నేను కనిపెట్టిన ఒకే ఒక ఉపాయం ఇది.

మొదట కుండ వేశాను. కుండ వెనక కథ ఉన్నది. మన తెలుగు లిపి అంతా వంపులే. నలభై ఏళ్ళుగా వంపులు తిరిగిన చెయ్యి గనుక కుండపొట్ట బ్రహ్మాండంగా వచ్చింది. మూతి దగ్గరే బోర్లాపడ్డాను. కుండమూతి గుండ్రన అని నా బుద్ధికి తెలుసు. కనుక పున్నమిచంద్రుడిలా గుండ్రంగా వేశాను. పైనుంచి వంగి చూస్తే గదా అది గుండ్రన! కూర్చుని ఎదురుగా చూసినప్పుడు అది కోడిగుడ్డులా అణిగి కనిపిస్తుంది. కన్ను మూతి ఎత్తుకు సమానంగా దిగితే గీతే మిగులుతుంది. తెలిసినదాన్ని కాక కనబడుతున్నదాన్ని వేయడానికి నాకు మూడువారాలు పట్టింది. చిత్రానికి ఆరంగాలని, అందులో రూపభేదం, ప్రమాణం, సాదృశ్యం ఉన్నాయని, యశోధరుడు జయమంగళవ్యాఖ్యలో చెప్పాడని పరీక్షకోసం కంఠస్థం చేసినవాణ్ణే. ప్రమాణం అంటే ఏమిటో ఆ కుండమూతి దగ్గర అర్థమైంది.

రెండో పాఠం రబ్బరు నేర్పింది. ఎర్రసిరాతో తప్పులు దిద్దిన చెయ్యి గనుక, గీత పెట్టగానే చెరపడం మొదలుపెట్టేవాణ్ణి. చెరిపి చెరిపి కాగితం పైపూత లేచిపోయేది. ఆ చోట రంగు వేస్తే కాగితం దాన్ని గటగట తాగేసి మరకకట్టేది. చివరకు రబ్బరు తీసి మనవడికి ఇచ్చేశాను. తప్పుగీత పక్కనే మరో గీత గీస్తే, మొదటి గీతే రెండోదానికి దారి చూపుతుందని తెలిసింది. రవీంద్రులవారు 1924 ప్రాంతంలో, అరవైమూడేళ్ళ వయసులో, 'పూరబి' వ్రాతప్రతిలో కొట్టివేసిన పంక్తులనే కలుపుతూ పోయి వాటిని పక్షులుగా, వింతజీవాలుగా మార్చారు. అక్కడినుంచి వారి చిత్రరచన సాగి, 1930లో పారిస్‌లో ప్రదర్శన దాకా వెళ్ళింది. ఆయనతో పోల్చుకునే సాహసం నాకు లేదు. అయితే కొట్టివేతలు నా దగ్గరా బోలెడున్నాయి!

మూడోది పచ్చ. మా పొలాలు వేద్దామని పెట్టెలోని పచ్చరంగు నేరుగా పూస్తే, చేను కాస్తా ప్లాస్టిక్ తివాచీలా తయారైంది. అప్పుడు గట్టుమీద నిలబడి చూడడం మొదలుపెట్టాను. నారుమడి పచ్చ వేరు, అందులో పసుపు పాలు ఎక్కువ. నాటు వేసిన కొత్తలో నీళ్ళలో ఆకాశమే కనిపిస్తుంది, పచ్చ అక్కడక్కడ గీతలు మాత్రమే. పొట్టకట్టు నాటికి నీలం తిరుగుతుంది. గింజ ముదిరేకొద్దీ మళ్ళీ పసుపుకు వస్తుంది. ఇవన్నీ పెట్టెలో దొరకవు. పసుపులో నీలం కలుపుకోవాలి. మరీ మిలమిలలాడితే ఎరుపు ఒక్క పిసరు తగిలించాలి. అప్పుడు పచ్చ నేలమీదికి దిగుతుంది.

ఇక్కడ పండితుడికి ఒక కానుక దొరికింది. మన భాష పసుపుకూ ఆకురంగుకూ కలిపి పచ్చ అనే అంటుంది. పసుపుపచ్చ, ఆకుపచ్చ. పసుపు, పసరు, పచ్చిక, పచ్చి, అన్నీ ఒకే ధాతువు బిడ్డలు. రెండు రంగులకు ఒకే పేరేమిటని ఒకప్పుడు ఒక పిల్లవాడు అడిగితే, ప్రాచీనులకు అంత భేదదృష్టి లేదని చెప్పి కూర్చోబెట్టాను. తప్పు చెప్పాను. దుగ్గిరాల వైపు పసుపుకొమ్ములు ఉడికించి ఎండబోసే కళ్ళాలు, వాటి పక్కనే చేలు చూసిన కళ్ళకు ఆ రెండింటి చుట్టరికం తెలియకుండా ఉంటుందా? ఆకు లేతగా పుట్టేటప్పుడు పసుపు, పండి రాలేటప్పుడు పసుపు. నడుమ కొన్నాళ్ళు ఆకుపచ్చ. ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో, నలభై దాటి ఉంటాడు.

మరొక పశ్చాత్తాపం కూడా చెప్పుకోవాలి. అడివి బాపిరాజుగారి గురించి తరగతిలో చెప్పేటప్పుడు కవి, నవలాకారుడు అని వివరంగా చెప్పి, చివర "చిత్రకారుడు కూడా" అని ముగించేవాణ్ణి. ఆ 'కూడా' ఎంత దుర్మార్గమైన మాటో నాకు పచ్చరంగు కలుపుతుంటే తెలిసింది. ఆయన బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నవారు. రాజమండ్రికి ఎన్నిసార్లు పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్ళానో. గోదావరి రేవులు చూపించాను, వంతెన చూపించాను, దామెర్ల రామారావు చిత్రశాలకు మాత్రం ఒక్కసారీ తీసుకువెళ్ళలేదు. "టైము లేదు, పదండి" అన్నాను. 1897లో పుట్టి, 1925లోనే కన్నుమూసిన మనిషి ఆ కొద్దికాలంలో ఒక చిత్రశాలకు సరిపడా వేసి వెళ్ళాడు. ఉద్యోగవిరమణ తరవాత తీరికగా మొదలుపెడదామని ఆయన అనుకోలేదు!

ఇక మా ప్రాంతంలోనే, దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో సంజీవదేవ్‌గారు ఉండేవారు. పల్లెలో ఉంటూనే బొమ్మలు వేస్తూ, రాస్తూ 1999 వరకు జీవించారు. ఆయన ఉండగా ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో. ఏనాడూ దిగలేదు. ఎందుకో మళ్ళీ చెప్పాలా?

*

ఇంతవరకు చెప్పినదంతా చదివితే, పంతులుగారు భలే క్రమశిక్షణతో కాలం సంపాదించుకున్నాడే అనిపించవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను, 2023 జనవరిదాకా.

ఆ నెలలో మా ఆవిడకు మోకాలిచిప్ప మార్చే శస్త్రచికిత్స జరిగింది. నాలుగైదేళ్ళుగా ఆ కాలు ఈడ్చుకుంటూనే తిరిగేది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆరువారాలు వంటిల్లు నా చేతికి వచ్చింది. మొదటినాటి ఉదయం అయిదున్నరకు అలవాటుగా లేచి రంగులపళ్ళెం తీశాను. కుళాయి వచ్చింది. బిందెలు పట్టాను. పాలపాకెట్టు వచ్చింది. పాలు కాచాను, సగం పొంగించాను. వాకిట్లో నీళ్ళు చల్లాలి. ఆవిడను లేపి నడిపించాలి, మాత్రకు ముందు ఏదైనా తినిపించాలి, కాలు వంచి చాచే వ్యాయామం చేయించాలి. అన్నీ అయ్యేసరికి ఎనిమిదిన్నర. రంగులపళ్ళెంలో పోసిన నీళ్ళు ఆరిపోయాయి.

హాజరుపట్టీ తీసి చూసుకున్నాను. పదిహేను నెలలుగా దాదాపు ప్రతిరోజూ హాజరు. ఆ అయిదున్నర నుంచి ఆరుంపావు దాకా ఈ పనులన్నీ ఎవరు చేశారు? నాకు తీరిక దొరికిందనుకున్నాను. దొరకలేదు. ఒకరు ఇచ్చారు. వాచిన మోకాలితో ఒకరు బిందెలు మోస్తుంటే, గోడకు ఇవతల నేను కుండమూతి కోడిగుడ్డులా ఉన్నదా లేదా అని చూస్తూ కూర్చున్నాను. కనబడుతున్నదాన్ని వేయాలని ఎంత నేర్చుకున్నా, గోడకు అవతలిది కనబడలేదు.

ఆ మాట ఆవిడతో అంటే, "మీరు పొద్దున్నే బొమ్మ దగ్గర కూర్చుంటే ఇల్లు నెమ్మదిగా ఉండేదండి, అదే నాకు చాలు" అన్నది. ఆవిడ మంచితనంతో అన్న మాట అది. నాకు మాత్రం మరికొంత బరువెక్కింది.

ఆ ఆరువారాలు పట్టీ నిండా గైర్హాజరే. అయితే చిత్రమేమిటంటే, నా చెయ్యి నిజంగా కుదిరింది అప్పుడే. రంగులకు వ్యవధి లేదు. కుక్కరు మూడు కూతలు వేసేలోగా పెన్సిలుతో ఏది కనిపిస్తే అది గీసేవాణ్ణి. మందులచీటీ వెనక, క్యాలెండరు కాగితం మీద. చింతపండు నానేసిన గిన్నె, తొడిమలు తీసిన గోరుచిక్కుళ్ళ కుప్ప, గోడకు ఆనించిన వాకరు, మడతపెట్టిన దుప్పటి, నిద్రలో ఉన్న ఆవిడ చెయ్యి. చెరపడానికి సమయం లేదు, గీత అటూ ఇటూ తిప్పడానికి సమయం లేదు. పది గీతల పనిని రెండు గీతలు చేయవలసి వచ్చింది. నలభైఅయిదు నిమిషాల పీరియడులో ఏడాదిపైన నేర్చుకోనిది మూడు కూతల్లో నేర్చుకున్నాను. ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి దాచాను. నా బొమ్మల్లో ఎవరికైనా చూపదగ్గవి ఉన్నాయంటే అవే.

*

ఆ ఏడు శ్రావణాలు రెండు వచ్చాయి, అధికం ఒకటి, నిజం ఒకటి. పంచాంగమే ఒక నెల అదనంగా ఇచ్చాక ఇక సాకు చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ కాలు కుదుటపడింది. నిజశ్రావణంలో ఒక ఉదయం రేపల్లె పాసింజరెక్కి, దిగి, ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళాము.

చెరువు ఉన్నది. తామరలు లేవు.

చుట్టూ గట్టు పోసి, వల కట్టి, పక్కన మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. గట్టుమీది కాపలామనిషిని అడిగితే, చేపలకు పాట పెట్టారని, తామరతూడు మొదలంటా తీయించి నిరుడు దసరాలకే శుభ్రం చేయించారని చెప్పాడు. నిరుడు దసరా! నేను తీరిక చూసుకుని వెళదామన్నది నిరుడు శ్రావణంలో. అప్పటికి చెరువు నిండా ఉన్నాయన్నమాట. రెండు నెలల వ్యవధి ఉన్నది నాకు. అప్పుడు చేసిన పనులేమిటో ఒక్కటీ గుర్తులేదు.

ఇద్దరం రేవుమెట్ల మీద కూర్చున్నాము. కొంతసేపటికి ఆవిడ, "ఆ పుస్తకం ఇట్లా ఇవ్వండి" అన్నది. ఇచ్చాను. పెన్సిలు కూడా తీసుకున్నది. ముగ్గుపిండి పట్టినట్టే పట్టుకుని, కాగితం మీద ఒక గుండ్రన గీసింది. నడిమధ్య ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క నుంచి అంచుదాకా ఈనెలు లాగింది, అంచు దగ్గర ఒక్కొక్కటి రెండుగా చీలేట్టు. చుక్క కిందనుంచి కాడ. "లేతవి నీళ్ళమీద పడుకుంటయి. ముదిరినవి మోచెయ్యెత్తున పైకి లేస్తయి. గాలికి తిరగబడితే అడుగున రంగు వేరేగా ఉంటుంది" అంటూ పక్కన ఇంకొకటి, ఒరిగినట్టు వేసింది. ఒరిగిన ఆకు అంచు గుండ్రన కాదు, కోడిగుడ్డులా వేసింది. ఎవరు చెప్పారు ఆవిడకు? నాకు మూడువారాలు పట్టిందని చెప్పాను గదా.

ఎదురుగా బూడిదరంగు నీళ్ళు. చేపలకు మేత వేస్తున్న చప్పుడు. ఆవిడ కళ్ళ ముందు మాత్రం యాభై ఏళ్ళనాటి చెరువు ఉన్నది. ఆ కాగితం ఇప్పుడు మా ముందుగదిలో పటం కట్టించి ఉన్నది. మా ఇంట్లో పటం కట్టించిన బొమ్మ అదొక్కటే.

తరవాత తామరాకు దొరకలేదా అంటే, దొరికింది. దానికోసం ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. తెనాలి పూలకొట్టులో మల్లెమొగ్గలు చుట్టి ఇచ్చింది తామరాకులోనే. ఎన్నేళ్ళుగా ఆ పొట్లం చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చానో! ఆ ఆకును బల్లమీద పరచి నీళ్ళు చిలకరించి చూశాను. ఆకు మీద కంటికి కనబడనంత సన్నని మైనపు బొడిపెలుంటాయి. నీరు వాటి కొసల మీదే నిలుస్తుంది, ఆకును తడపదు. బొట్టు అడుగున గాలిపొర ఉండడం వల్ల అది వెండిపూసలా మెరుస్తుంది. దాన్ని వేయడానికి తెల్లరంగు పనికిరాదు. వెలుగు తగిలేచోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. చుట్టూ అంతా రంగు వేసి, ఆ ఒక్క చుక్కను వదిలేయాలి. ఎనిమిది కాగితాలు పాడయ్యాక తొమ్మిదోది కుదిరింది. మా ఆవిడకు చూపిస్తే, "ఇప్పుడు తామరాకే" అన్నది. ఏ సభలోనూ అంత సన్మానం జరగలేదు నాకు.

మీలో కొందరికైనా ఎక్కడో ఒక పాతగుడ్డలో చుట్టిన రంగులపెట్టో, వీణో, సగం రాసిన కథో ఉండే ఉంటుంది. అన్ని పనులూ తీరేదాకా ఆగవద్దని చెప్పేటంతటి పెద్దరికం నాకు లేదు. ఒక్కటి మాత్రం అనుభవం మీద చెబుతున్నాను. ఆ పెట్టె తీసేముందు, మీరు కూర్చునే ఆ కాస్త సమయం ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో ఒకసారి గోడ అవతలికి తొంగిచూడండి.

మా ఇంటి కాలనిర్ణయపట్టిక ఇప్పుడు మారింది. సరిరోజుల్లో మొదటి పీరియడు నాది. బేసిరోజుల్లో ఆవిడది. ఆవిడ పీరియడులో ఆవిడేం చేస్తుందని అడుగుతారేమో. బొమ్మలు వేయదు. అరుగుమీద కుర్చీ వేసుకుని, కాలు చాపుకుని, ఏమీ చేయకుండా కూర్చుంటుంది. అరవైమూడేళ్ళకు దొరికింది ఆ ఏమీ చేయకపోవడం. హాజరుపట్టీలో రెండో పేరు రాశాను. ఇప్పటిదాకా ఆవిడకు ఒక్క గైర్హాజరు లేదు.

ఈరోజు బేసిరోజు. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాను. ఇక సెలవు.